పెట్టె కేకుకు ఇంటి రుచి: తిరుపతి వంటింట్లో ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివరి వారం

అంగడిలో దొరికే గుడ్డు లేని వెనీలా కేకు పొడిని తీసుకొని, మొదటి నుంచీ ఇంట్లోనే కలిపి చేసిన కేకు రుచిని దాని నుంచి రాబట్టడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. తిరుపతిలో మా ఇంటిలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. పుట్టినరోజుకు పిల్లలు కేకు కావాలంటారు, పెద్దవాళ్లు గుడ్డు ముట్టరు, బయట నుంచి తెచ్చిన కేకులో ఏమేం కలిపారో తెలియక అందరూ తటపటాయిస్తారు. మైదా, పెరుగు, వంట సోడాలతో సొంతంగా చేసే గుడ్డు లేని కేకు ఒకసారి చక్కగా పొంగితే మరోసారి అడుగున ముద్దకట్టుకుపోతుంది. పొడి ప్యాకెట్టుతో ఆ బెంగ లేదు. పొంగే విషయంలో అది మాట తప్పదు. లోటంతా రుచిలోనే ఉంది కాబట్టి, పొంగు చెడకుండా రుచిని మాత్రమే మార్చగలనా అన్నది నా ప్రశ్న.

పోల్చి చూడడానికి ఒక ఆనవాలు కావాలి కనుక, మొదట ప్యాకెట్టు మీద రాసిన పద్ధతిని అక్షరాలా పాటించాను. 250 గ్రాముల పొడికి 130 మిల్లీలీటర్ల నీళ్లు, 35 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె పోసి, ఉండలు లేకుండా కలిపి ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెనులో పెట్టాను. ఒకే కొలత ఉన్న టిన్నులు రెండు కొన్నాను. ఇక మీదట ప్రతి పరీక్షలోనూ ఒక టిన్నులో ఈ మూల పద్ధతి కేకు, పక్క టిన్నులో మార్చిన కేకు ఉంటాయి. రెండూ ఒకే వేడిలో ఉడుకుతాయి, చల్లారాక ఒకే వేళకు నోట్లోకి వెళ్తాయి. ఏ ముక్క దేనిదో తినేవాళ్లకు తెలియకుండా పళ్లేల అడుగున చీటీ అంటిస్తాను.

మా అత్తమ్మ నోరు చాలా నిక్కచ్చి. మూల పద్ధతి కేకు తిని, "మెత్తంగానే ఉండాది మే, తీపి తప్ప ఇంకేం తెలీలా. అంగడి వాసన పోలా" అన్నారు. నాకు అంతకంటే స్పష్టమైన పని జాబితా అక్కర్లేదు. తీపి మిగతా రుచులన్నిటినీ కప్పేస్తోంది, నూనెకు తనదంటూ రుచి లేదు, వెనీలా వాసన ఒంటరిగా ముక్కుకు తగులుతోంది.

మార్చి మొదటి వారం: పెట్టె వెనుక ఏముంది

ప్యాకెట్టు మీద పదార్థాల పేర్లు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది మన ఆహార భద్రతా నిబంధన. నా ప్యాకెట్టులో మైదాకన్నా ముందు పంచదార ఉంది. పోషక విలువల పట్టికలో 100 గ్రాముల పొడికి పంచదార 40 గ్రాములు దాటింది. అంటే అత్తమ్మ నాలుకకు తెలిసిన సంగతి అట్ట మీద అచ్చయ్యే ఉంది. తరువాత పాలపొడి, ఉప్పు, పొంగడానికి ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) 500తో వంట సోడా, దానితో పనిచేయడానికి 450 సంఖ్యతో ఒక ఫాస్ఫేటు ఆమ్ల లవణం, చివర్లో 471, 477 సంఖ్యలతో ఎమల్సిఫయర్లు, అంటే నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే పదార్థాలు ఉన్నాయి.

ఈ ఎమల్సిఫయర్ల గురించి కాస్త నిలిచి చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని చూసి ముఖం చిట్లిస్తారు. ఇంట్లో గుడ్డు వేసి కేకు చేసేటప్పుడు వెన్ననూ పంచదారనూ గిలకొట్టి గాలిని పట్టిస్తాం; పచ్చసొనలోని లెసిథిన్ నూనెనూ నీళ్లనూ విడిపోకుండా పట్టుకుంటుంది. గుడ్డు లేని పొడిలో ఈ రెండు పనులనూ ఎమల్సిఫయర్లే మోస్తాయి. విస్కరుతో రెండు నిమిషాలు తిప్పితే చాలు, పిండిలోకి సన్నని గాలి బుడగలు చేరి నిలబడతాయి. ఫాస్ఫేటు లవణమూ తెలివైనదే. పిండి కలిపినప్పుడు కొంత మేరకే పనిచేసి, మిగతాది ఓవెను వేడి తగిలాక పూర్తి చేస్తుంది. నా వంటింట్లో ఉన్న సామాన్లతో ఈ ఏర్పాటును ఇంతకన్నా మెరుగుపరచలేను. అందువల్ల పొడిలోని ఈ భాగం జోలికి పోకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. పెట్టె నన్ను అడుగుతున్నది నీళ్లూ నూనే. నా స్వాతంత్ర్యమంతా ఆ రెంటిలోనే ఉంది.

ఈ ఆలోచనకు చరిత్రలోనూ ఆధారం దొరికింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొలాసిస్ (పంచదార తయారీలో మిగిలే నల్లటి పాకం) వ్యాపారం చేసిన పి. డఫ్ అండ్ సన్స్ సంస్థకు చెందిన జాన్ డి. డఫ్ 1930లో దరఖాస్తు పెట్టి 1933లో పేటెంటు పొందిన అల్లం కేకు మిశ్రమంలో ఎండబెట్టిన గుడ్డు పొడి కూడా కలిపే ఉండేది. నీళ్లు పోస్తే సరిపోయేది. 1935లో అదే సంస్థ పొందిన మరో పేటెంటులో మాత్రం గుడ్డును తీసివేసి, వండేవాళ్లే తాజా గుడ్డు కలుపుకునేలా మార్చారు. 1950ల్లో ఎర్నెస్ట్ డిక్టర్ అనే మనస్తత్వ నిపుణుడు ఇచ్చిన సలహాతోనే గుడ్డును వండేవాళ్లకు వదిలిపెట్టారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది గానీ, ఈ పేటెంటు అంతకు చాలా ముందుది. తాజా వస్తువు చేరితే రుచి బాగుంటుందన్న సంగతిని పొడి తయారుచేసినవాళ్లే తొలినాళ్లలో గుర్తించారు. మా ఇంట్లో ఆ తాజా వస్తువు గుడ్డు కాలేదు. పాలు, పెరుగు, వెన్న కావచ్చు. పాడికి పేరున్న చిత్తూరు సీమలో వాటికి కొదవ లేదు.

మార్చి నడిమి వారాలు: నూనె స్థానంలో ఏది

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన దశ ఇది.

మొదట లెక్క చూసుకున్నాను. 35 మిల్లీలీటర్ల నూనె బరువు సుమారు 32 గ్రాములు, అదంతా కొవ్వే. ప్యాకెట్టు వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీరు 16 శాతానికి మించకూడదు. అందువల్ల 32 గ్రాముల కొవ్వు కావాలంటే 40 గ్రాముల వెన్న వేయాలి, దానితో వచ్చే ఆరు గ్రాముల నీటిని పోసే నీళ్లలో తగ్గించుకోవాలి. నూనె కొలతకు వెన్నను అదే కొలతలో వేసేస్తే కేకు కాస్త ఎండినట్టు వస్తుందని అనేవారికి కారణం ఇదే. కొవ్వు అయిదో వంతు తగ్గిపోతుంది.

కరిగించిన వెన్నతో చేసిన కేకును పళ్లెం అడుగు చీటీ చూడకుండానే అందరూ గుర్తుపట్టారు. వాసన మారింది, నోట్లో కరిగే తీరు మారింది, వెన్నలోని ఉప్పు వల్ల తీపి ఒక మెట్టు దిగింది. కానీ మరునాడు పొద్దున తిన్నప్పుడు నూనె కేకు మెత్తదనం దీనికి లేదు. వెన్న చల్లారితే గడ్డకడుతుంది, నూనె ద్రవంగానే ఉంటుంది కాబట్టి, కేకు మెత్తదనాన్ని మరునాటి వరకు నిలిపేది నూనే. పూర్తిగా ఒకదాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకోవడం కన్నా, కొవ్వులో సగం నూనెగా, సగం నెయ్యిగానో వెన్నగానో ఉంచడమే మంచిదని ఇక్కడ తేలింది.

తరువాత నెయ్యి. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కనుక లెక్క సులువు. ఇంటి నెయ్యితో చేసిన కేకు వాసన గొప్పగా ఉన్నా, తిన్నవాళ్లంతా "మైసూరుపాకు లాగుంది" అన్నారు. నెయ్యి వాసనకు మన ముక్కు మిఠాయినే వెతుక్కుంటుంది. కేకును కేకుగా ఉంచుతూనే పాల రుచి తేవాలంటే ఏం చేయాలన్నది రెండు మూడు రోజులు మనసులో నలిగింది.

జవాబు నెయ్యి కాచే గిన్నెలోనే దొరికింది. మా ఇంట్లో వారానికోసారి మీగడ పెరుగు చిలికి, వచ్చిన వెన్నను కాచుతారు. వెన్న కరిగి, బుడబుడమని శబ్దం చేస్తూ నీరంతా ఇంకిపోయి, ఆ శబ్దం సద్దుమణిగేసరికి అడుగున పాల ముక్కలు గోధుమరంగుకు తిరుగుతాయి. అత్తమ్మ అప్పుడు నాలుగు మునగాకులు వేసి దించేస్తారు. నెయ్యి వడకట్టాక గిన్నె అడుగున ఆ గోధుమరంగు మడ్డి మిగులుతుంది. చిన్నప్పుడు మేమంతా దానిలో చక్కెర కలుపుకొని తిన్నవాళ్లమే. పాల ప్రొటీనూ, పాలలోని చక్కెర అయిన లాక్టోసూ వేడికి కలిసి ఎర్రబడే మెయిలార్డ్ చర్య ఫలితమే ఆ మడ్డి. ఫ్రాన్సు వంటవాళ్లు వెన్నను ఎర్రగా కాచి కేకుల్లో వేసేది సరిగ్గా దీని రుచి కోసమే. మనం నెయ్యిని దాచుకొని, ఆ రుచి ఎక్కువగా ఉన్న భాగాన్ని గిన్నెలోనే వదిలేస్తున్నాం.

మునగాకు వేయక ముందే గిన్నె దింపమని అత్తమ్మను అడిగాను. "ఆకు ఎయ్యకుంటే నెయ్యి కమ్మంగా ఎట్టొస్తాది?" అని ఒప్పుకోలేదు గానీ, ఒక గరిటెడు వెన్నను విడిగా చిన్న మూకుట్లో కాచుకోనిచ్చారు. మడ్డి లేత గోధుమరంగులో ఉండగానే దించి, వెంటనే చల్లటి గిన్నెలోకి ఒంపాలి. మూకుడు వేడికే మరో అర నిమిషంలో అది నలుపుకు తిరిగి చేదెక్కుతుంది. చల్లారాక వేళ్ల మధ్య నలిపితే సన్నని ఇసుకలా పొడిపొడిగా ఉంటుంది. ఒక చెంచా మడ్డిని కొంచెం నెయ్యితో సహా పిండిలో కలిపి, మిగతా కొవ్వు నూనెగా ఉంచి చేసిన కేకు ఈ ప్రాజెక్టును మలుపు తిప్పింది. తినేవాళ్లలో ఎవరూ నెయ్యి పేరెత్తలేదు, మిఠాయి పేరెత్తలేదు. మా అబ్బాయి మాత్రం "ఇది ఎక్కడ కొన్నారు?" అని అడగకుండా, "ఇది నువ్వు చేసిందే కదమ్మా" అన్నాడు.

మార్చి చివర: నీళ్లకు బదులు

నీళ్ల స్థానంలో పాలు పోయడం అందరికీ తెలిసిన మార్పే. పాలలో నీరు 87 శాతం వరకే ఉంటుంది కనుక కొలత కొద్దిగా పెంచాలి. లాక్టోసుకు తీపి తక్కువ, రంగు తెచ్చే గుణం ఎక్కువ. కేకు పైభాగం చక్కని గోధుమరంగుకు వస్తుంది. ఇక్కడ పెద్దగా చెప్పవలసిందేమీ లేదు, పాలు పోయండి.

పెరుగు సంగతి వేరు. పూర్తిగా పెరుగుతోనే తడిపి చూడాలని ఒక పరీక్ష పెట్టుకున్నాను. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం గిన్నెలో ఉండగానే సోడాతో కలిసి బుడగలు పుట్టించింది. పిండి నా కళ్ల ముందే పొంగి, టిన్నులోకి ఒంపేటప్పుడు దిగిపోయింది. పొడిలో సోడాకు సరిపడా ఆమ్లం ముందే తూచి పెట్టి ఉంటుంది. మనం మరో ఆమ్లాన్ని చేర్చినప్పుడు సోడా ముందుగా దానితో ఖర్చైపోతుంది, ఫాస్ఫేటుకు ఓవెనులో జోడీ మిగలదు. ఆ కేకు గట్టిగా, పైన పాలిపోయి వచ్చింది. పాలిపోవడానికీ కారణం పులుపే, ఆమ్లం ఉన్నచోట మెయిలార్డ్ చర్య మందగిస్తుంది.

అయినా ఆ కేకు రుచిలో నాకు కావలసిన అంశం ఒకటి ఉంది. తీపి వెనుక సన్నగా తగిలే పులుపు. అందుకే పెరుగును 50 గ్రాములకు తగ్గించి, మిగతా తడిని పాలతో నింపాను. ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల పెరుగు పులుపును అర టీస్పూను వంట సోడా విరుస్తుందన్నది వంటింటి లెక్క. దాని ప్రకారం 50 గ్రాములకు అర గ్రాము సోడా చాలు. పులుపు పూర్తిగా పోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి అందులో సగమే, ఒక చిటికెడు వేస్తున్నాను. పొంగు నిలిచింది, పులుపు ఉన్నట్టూ లేనట్టూ ఉంది. పెరుగు మాత్రం ఆ పూట తోడుకున్నదై ఉండాలి. తిరుపతి ఎండకు మధ్యాహ్నానికే పుల్లబడిన పెరుగుతో ఈ లెక్క కుదరదు.

ఏప్రిల్: తీపి దించడం

పొడిలో ఉన్న పంచదారను తీయలేం. మిగతావాటిని పెంచి దాని వాటాను తగ్గించడమే దారి. ఇక్కడ జాగ్రత్త అవసరం. పంచదార కేకులో తీపితో పాటు మెత్తదనాన్నీ ఇస్తుంది. అది నీటిని పట్టుకొని, మైదాలోని గ్లూటెన్ (తడిపితే సాగే ప్రొటీను) గట్టిపడకుండా చూస్తుంది, పిండి గంజిగా మారే ఉష్ణోగ్రతను పెంచి బుడగలు విచ్చుకోవడానికి సమయం ఇస్తుంది. దాని వాటా తగ్గేకొద్దీ కేకు రొట్టె వైపు నడుస్తుంది.

250 గ్రాముల పొడికి 30 గ్రాముల పిండి చేర్చడం నాకు కుదిరిన హద్దు. ఆ 30 గ్రాములలో 25 మైదా, 5 కార్న్‌ఫ్లోర్. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ ఉండదు కనుక మైదా బిరుసును తగ్గిస్తుంది. చేర్చిన పిండికి తన పొంగు తనకు కావాలి, అందుకు పావు టీస్పూను బేకింగ్ పౌడరు. దానికి తగ్గ తడీ కొవ్వూ కూడా ఆ మేరకే పెంచాను. పాలు, పెరుగు, పిండి అన్నీ చేరాక లెక్క వేస్తే, కలిపిన పిండి మొత్తం బరువులో పంచదార పావు వంతు నుంచి దాదాపు అయిదో వంతుకు దిగింది. 60 గ్రాముల పిండి చేర్చినప్పుడు తీపి ఇంకా హాయిగా ఉన్నా, ముక్క తుంచితే సాగింది; ఆ దారిని వదిలేశాను.

ఉప్పు ఒక గ్రాము. ఉప్పు చేదును అణచి, పాల రుచిని ముందుకు తెస్తుంది. పొడిలో ఉప్పు ఉంది కదా అన్న సందేహం వద్దు. మనం చేర్చిన పాలకూ పిండికీ అది లెక్కలో లేదు. ప్యాకెట్టు వెన్న వాడేవాళ్లు మాత్రం దానిలోనే ఉప్పు ఉంటుందని గుర్తుంచుకొని విడిగా వేయడం మానాలి.

ఇదే వారంలో పాలపొడిని సన్న సెగ మీద బిస్కెట్టు రంగు వచ్చేదాకా వేయించి ఒక పెద్ద చెంచా చేర్చాను. వెన్న కాచే తీరిక లేని రోజున నెయ్యి మడ్డి పనిని ఇది చాలావరకు చేస్తుంది. చెయ్యి ఆపకుండా కలుపుతూ ఉండాలి, పాలపొడి అడుగంటితే పొగ వాసన మొత్తానికి పట్టేస్తుంది.

ఏప్రిల్ చివర: వాసన

పొడిలోని వెనీలా వాసన సాధారణంగా కృత్రిమ వెనీలిన్‌ది. నిజమైన వెనీలా కాయలో వెనీలిన్‌తో పాటు 200కు పైగా సువాసన పదార్థాలు కలిసి ఉంటాయి. ఒక్కటే ఉన్నప్పుడు ముక్కుకు అది సూటిగా, పలచగా తగులుతుంది. అత్తమ్మ అన్న అంగడి వాసన అదే. దాన్ని తీసివేయలేం కనుక, దానికి తోడు ఇవ్వాలి.

సహజంగా చెయ్యి యాలకుల డబ్బా మీదికే పోయింది. యాలకులు, నెయ్యి కలిసిన కేకు ఓవెనులో ఉండగానే పక్కింటి అక్క వచ్చి, "కొండ మీది నుంచి ఎవరన్నా లడ్డు తెచ్చినారా?" అని అడిగారు. ఈ ఊళ్లో ఆ వాసనకు ఒక స్థానం ఉంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన తిరుపతి లడ్డు వాసన ఇక్కడి ప్రతి ముక్కుకూ పుట్టినప్పటి నుంచీ పరిచయం. నెయ్యి, యాలకులు కలిస్తే మనసు ప్రసాదం వైపే వెళ్తుంది. ఆ వాసనను పుట్టినరోజు కేకుకు పూయడం నాకు నచ్చలేదు. వేరే ఊళ్లో ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, రుచి బాగానే ఉంటుంది.

గూడూరు నిమ్మకాయ తొక్క ఈ పనికి బాగా కుదిరింది. పసుపు తిరిగిన కాయను కడిగి తుడిచి, సన్న తురుము పలక మీద పైపొరను మాత్రమే తురమాలి. మన నిమ్మకాయకు తొక్క పలచన, రెండుసార్లు గీస్తే తెల్లటి లోపొర వచ్చేస్తుంది, అది చేదు. వచ్చిన తురుమును ఒక చెంచా పొడిలో వేసి వేళ్లతో గట్టిగా నలిపితే, పొడిలోని పంచదార గింజలు తొక్క నూనెను పీల్చుకొని తడిసినట్టు అవుతాయి. అప్పుడు మిగతా పొడిలో కలపాలి. ఒక కాయలో సగం తురుము చాలు. కేకు తిన్నవాళ్లకు నిమ్మ పేరు తట్టదు. వెనీలా ఒంటరితనం మాత్రం పోతుంది.

మే: ఎండలు, వోల్టేజీ, మామిడి

ఓవెను లోపల పెట్టుకునే ఉష్ణమాపకం ఒకటి కొన్నాను. మీటను 180 దగ్గర పెడితే లోపల 165 డిగ్రీలే చూపిస్తోంది. ఇంటి కేకు అనిపించే లక్షణాల్లో ఎర్రగా కాలిన అంచు ఒకటి కనుక, ఈ తేడా చిన్నది కాదు. ఇప్పుడు లోపల నిజంగా 170 డిగ్రీలు వచ్చేదాకా ఆగి టిన్ను పెడుతున్నాను.

సాయంత్రం వేళ వోల్టేజీ తగ్గితే ఓవెను కడ్డీలు నీరసిస్తాయి. వాటి శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యను) బట్టి ఉంటుంది; 230 ఉండవలసిన చోట 200 వోల్టులే వస్తే శక్తి ముప్పావు వంతుకు పడిపోతుంది. ఏసీలన్నీ తిరిగే రాత్రి వేళ చేసిన కేకు ఎంతకీ రంగు తేలకుండా ఎండిపోతుంటే, అదే పిండి తెల్లవారుజామున చక్కగా కాలింది. వేసవిలో కేకు పని పొద్దున ఏడింటిలోపే ముగించుకోవడం మేలు. వంటింటి వేడి 38 డిగ్రీలున్నప్పుడు సోడా గిన్నెలోనే తొందరపడుతుంది కూడా, కాబట్టి పాలను ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే వాడుతున్నాను. చల్లటి పాలు తగిలితే నెయ్యి పేరుకుంటుందన్న భయం ఉంటే, నెయ్యిని నూనెలో ముందే కలిపి చివర్లో పోయవచ్చు.

చిత్తూరు సీమలో ఉంటూ మామిడిని వదలడం సాధ్యమా? తోతాపురి గుజ్జును పాల స్థానంలో పోసి చూశాను. రంగు అందంగా వచ్చింది, కాలాక మామిడి వాసన చాలావరకు ఎగిరిపోయింది, గుజ్జులోని పీచూ పులుపూ కేకును బరువుగా చేశాయి. చల్లారిన కేకు మీద గుజ్జును చిక్కగా కాచి పూస్తేనే మామిడి రుచి నిలుస్తుంది. లోపల వేయడం అనవసరం.

జూన్: ప్రస్తుతం నిలిచిన కొలత

ఇప్పటికి నాకు స్థిరపడిన కొలత ఇది. 250 గ్రాముల పొడిలో 25 గ్రాముల మైదా, 5 గ్రాముల కార్న్‌ఫ్లోర్, పావు టీస్పూను బేకింగ్ పౌడరు, చిటికెడు వంట సోడా, ఒక గ్రాము ఉప్పు, వేయించిన పాలపొడి ఒక పెద్ద చెంచా జల్లించి, నిమ్మ తొక్క నలిపిన పొడిని అందులో కలపాలి. వేరే గిన్నెలో 120 మిల్లీలీటర్ల చల్లటి పాలు, 50 గ్రాముల తాజా పెరుగు చిలకాలి. 18 గ్రాముల నూనె, 18 గ్రాముల నెయ్యి, ఒక చెంచా మడ్డి విడిగా కలుపుకోవాలి. పాల మిశ్రమాన్ని పొడిలో పోసి విస్కరుతో నిమిషంన్నర తిప్పాక కొవ్వు పోసి, కనబడకుండా కలిసేదాకా తిప్పి ఆపాలి. చేర్చిన మైదా వల్ల అంతకు మించి తిప్పితే బిరుసెక్కుతుంది. టిన్నును సగానికి కాస్త పైదాకా నింపి, 170 డిగ్రీల వద్ద 35 నుంచి 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. గుచ్చే ఉష్ణమాపకం ఉన్నవాళ్లు నడిమధ్య 97 డిగ్రీల దగ్గర దించవచ్చు.

ఈ కేకు చేసిన రోజు కన్నా మరునాడు బాగుంటుంది, మడ్డి రుచి అప్పటికి అంతటా పాకుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఉడికిన పిండి తిరిగి గట్టిపడే వేగం గడ్డకట్టని చలిలోనే ఎక్కువ, కాబట్టి ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలి కేకును బయటకన్నా త్వరగా ముదరబెడుతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఒక రోజు బయట ఉంచి, మిగిలితే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెడుతున్నాను.

పళ్లేల పరీక్షలో అత్తమ్మకు ఈ కొలతతో చేసిన ముక్క, అదే నెయ్యి మడ్డితో నేను మొదటి నుంచీ కలిపి చేసిన గుడ్డు లేని కేకు ముక్క పక్కపక్కన పెట్టాను. రెంటినీ రెండేసిసార్లు తిని, పెట్టె కేకు పళ్లేన్నే దగ్గరికి లాక్కొని, "ఇదే ఇంట్లోది. అదేదో కొంచెం బిరుసుగా ఉండాది" అన్నారు.

ఇక చాక్లెట్ పొడి మిగిలింది. దానిలో పాలలో 30 మిల్లీలీటర్లు తగ్గించి ఆ మేరకు వేడి ఫిల్టర్ కాఫీ డికాక్షన్ పోయాలన్నది నా ఆలోచన. కోకో వాసన వేడి తడికి బాగా విచ్చుకుంటుంది, కాఫీ చేదు కోకో చేదుకు దన్నుగా నిలుస్తుంది. చికోరీ ఎక్కువున్న పొడితో ఒకటి, చికోరీ లేని పొడితో ఒకటి, రెండు టిన్నులూ పక్కపక్కన. నిమ్మ తొక్క దీనికి అక్కర్లేదు. మడ్డి మాత్రం ఉంటుంది. అత్తమ్మ ఈ శనివారం వెన్న చిలుకుతారు, ఆదివారం తెల్లవారుజామున ఓవెను వెలిగిస్తాను.